మొగలి గట్టు మీద ఫోను తీగ

ఫోనులో గరగరమనే చప్పుడు నాకు పడదు. ఆ చిరాకుతోనే ఒక ఊరికి తాగే నీళ్లు లేకుండా చేశాను. ఇంత సూటిగా రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

అప్పుడు నాకు ఇరవై ఒక్కేళ్లు. బెజవాడలో పుట్టి పెరిగిన పిల్లని. మా ఇంటి ముందు కాలవకి అటూ ఇటూ రాతి గోడలుండేవి. కాలవంటే అలాగే ఉండాలనీ, గట్టు మీద పచ్చగా ఏదన్నా మొలిచిందంటే ఎవరో పని ఎగ్గొట్టినట్టేననీ నా నమ్మకం. డెబ్బై ఏడు ఉప్పెన తర్వాత దివిసీమలో నీటి మట్టాలు వేళకి తెలియాలని కాలవల చివర ఉన్న తూముల దగ్గర ఫోన్లు పెట్టారు, కొట్టుకుపోయిన తీగలు మళ్లీ లాగారు. ఆ ఫోన్లకి బదులు పలకడానికి అక్కడి కాలవల ఆఫీసులో ఒక మనిషి కావలసి వచ్చింది. ఇంటర్ అయ్యాక టైపు నేర్చుకుని ఖాళీగా ఉన్న నేను ఆ మనిషినయ్యాను.

పని పెద్దదేం కాదు. పొద్దున్నే ఏడు తూముల నుంచి ఏడుగురు లస్కర్లు ఫోను చేస్తారు. లస్కరంటే తూము తలుపులు ఎత్తి దించుతూ, గట్లు కాపలా కాసే ప్రభుత్వ మనిషి. నీళ్లు ఎన్ని అడుగులున్నాయో, ఎన్ని అంగుళాలున్నాయో వాళ్లు చెప్తారు, నేను పుస్తకంలో రాసి, తొమ్మిదిలోపు బందరు పెద్దాఫీసుకి చదివి వినిపించాలి. తర్వాత సాయంత్రం దాకా ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. రిసీవరు నా చేతిలోనే ఉండేది. టీ తాగుతున్నా, పుస్తకం తిరగేస్తున్నా, భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టుకుని జడ అల్లుకుంటున్నా అక్కడే. నేను అద్దెకున్న ఇంటి పిన్నిగారు, రేపు పెళ్లి పీటల మీద కూడా ఆ చెవి ఖాళీగా ఉండదేమో, పుస్తెలు కట్టేవాడు ఏ పక్కనుంచి కడతాడో పాపం అని వచ్చినవాళ్లందరి ముందూ అనేది.

నా కోపం సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. లైను సరిగ్గా వినపడకపోతే రిసీవరు విసిరేసేదాన్ని. అది ఒకసారి పగిలితే నల్ల టేపు చుట్టి మళ్లీ నాకే ఇచ్చారు.

ఏడు తూముల్లో ఆరింటి గొంతులు పక్క గదిలోంచి మాట్లాడుతున్నట్టే వినపడేవి. ఏడోది హంసలదీవి వైపు, అన్నిటికన్నా చివరిది. ఆ లైనులో మనిషి గొంతు కన్నా గరగరే ఎక్కువ. ఇసుక మీద చాప ఈడుస్తున్నట్టు ఒకటే రొద. అక్కడి లస్కరుకి రిటైరవడానికి రెండేళ్లే ఉంది. నేనెంత అరిచినా ఆయన గొంతు పెంచేవాడు కాదు. నా అరుపులు పడలేక ఆయనే ఒక ఉపాయం చేశాడు. ఇనప మేకుతో ఫోను మీద కొట్టేవాడు. అడుగులకి గట్టిగా, అంగుళాలకి మెల్లగా. నాలుగు గట్టివి, కాస్త ఆగి, రెండు మెల్లవి. రొద ఎంతున్నా మేకు చప్పుడు మాత్రం దాన్ని చీల్చుకుని వచ్చేది. నేను రాసుకునేదాన్ని.

అంకెల వరకూ సరే. మిగతా సంగతులు మేకుతో చెప్పలేడు కదా. గట్టు ఎలా ఉంది, తూము తలుపు కదులుతోందా అని బందరు వాళ్లడిగితే నా దగ్గర జవాబుండేది కాదు. రెండుసార్లు చివాట్లు తిన్నాను. మూడోసారి మెమో ఇచ్చారు. ఆ మెమో చేతిలో పట్టుకునే ఏడో తూముకి ఫోను చేసి, అసలా చప్పుడేంటో ఇవాళ తేలాలన్నాను. గట్టు మలుపులో మొగలి పొదలున్నాయనీ, గాలికి వాటి ఆకులు తీగని రాసుకుంటున్నాయనీ, పక్కన కానుగ కొమ్మలు కూడా తగులుతున్నాయనీ ఆయన ముక్కముక్కలుగా చెప్పాడు. కొట్టెయ్యమన్నాను. కొమ్మలు కొడతానండి అన్నాడు. నిజంగానే కొట్టాడు. పది రోజులు బాగుంది. తర్వాత మళ్లీ గరగర.

ఒక ఆదివారం బస్సెక్కి నేనే వెళ్లాను. బస్సు ఆగిన చోటి నుంచి రెండు మైళ్లు గట్టు మీదే నడక. ఒకవైపు మురుగు కాలవ. పేరుకి మురుగే గానీ పొలాల్లో ఎక్కువైన నీళ్లని సముద్రం వైపు తీసుకెళ్లే పెద్ద కాలవ అది. సముద్రం దగ్గర కాబట్టి పోటు వేళ ఉప్పునీళ్లు దాంట్లోంచి పైకి ఎక్కి వస్తాయి, పాటు వేళ దిగిపోతాయి. గట్టుకి రెండో వైపు, ఊరి మొదట్లోనే మంచినీళ్ల చెరువు. ఇటు ఉప్పు, అటు తీపి. మధ్యలో పదిహేను అడుగుల మట్టి.

ఆ చెరువులో ఎవరూ కాలు పెట్టరు. రేవులో పరిచిన తాటి దుంగ మీద నిలబడి, వంగి బిందె ముంచుతారు. నేను వెళ్లేసరికి నలుగురైదుగురు ఆడవాళ్లున్నారు. ఎవరని అడిగితే ఆఫీసులో ఫోను దగ్గర ఉంటానని చెప్పాను. వాళ్లలో పెద్దావిడ బిందె దించి నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"ఫోనమ్మాయివి నువ్వేనా? గొంతిని ఆరడుగుల మనిషనుకున్నాం కదే. చూత్తే చిటికెడు లేదు."

అందరూ నవ్వారు. లస్కరు ఫోను పాకలో ఉంటుంది, పాక రోడ్డు పక్కనే. నా తిట్లన్నీ ఊరు ఊరంతా వింటోందని అప్పుడు అర్థమైంది. ఆవిడే గ్లాసు కడిగి చెరువు నీళ్లు ఇచ్చింది. ఎండలో నడిచొచ్చానేమో, రెండు గ్లాసులు తాగాను. బెజవాడ కుళాయి నీళ్లకి ఆ రుచి ఉండదు.

లస్కరు నన్ను మలుపు దగ్గరికి తీసుకెళ్లాడు. తిన్నగా వచ్చే కాలవ అక్కడ ఒక్కసారిగా తిరుగుతుంది, వచ్చిన నీళ్లు వచ్చినట్టు గట్టుని గుద్దుకుంటాయి. సరిగ్గా ఆ గట్టు వెనకే చెరువు. ఆ మలుపు పొడుగునా మొగలి. మనిషికి రెండింతల ఎత్తు, కత్తుల్లాంటి ఆకులు, ఆకు అంచున ముళ్లు. కాండం నుంచి ఊడలు దిగి, వేళ్లు చాచిన చేతుల్లా బురదని పట్టుకుని ఉన్నాయి. కింద నీళ్లలో జమ్ము, తుంగ. పైన కానుగ, వావిలి, అక్కడక్కడా రెల్లు దుబ్బులు. వాటి మధ్యలోంచి నా తీగ.

పొద దగ్గరికి వెళ్లేసరికి ముల్లు గీసుకుని చెయ్యంతా నెత్తురు. ఒళ్లు మండిపోయింది. లస్కరు అదేం పట్టించుకోకుండా వంగి, ఊడల మధ్య చూడమన్నాడు. వేలెడు చేప పిల్లలు, రొయ్య పిల్లలు నిలకడగా ఉన్న నీళ్లలో దాక్కుని ఉన్నాయి. అడుగు అవతల కాలవ నీళ్లు ఎర్రగా పరిగెడుతున్నాయి, ఈ ఊడల మధ్య మాత్రం తేటగా ఉన్నాయి. వచ్చే నీళ్ల జోరు ముందు జమ్ములో విరిగిపోతుందనీ, మిగిలింది ఊడల్లో చచ్చిపోతుందనీ, గట్టుకి తగిలేసరికి నీళ్లకి బలం ఉండదనీ చెప్పాడు. పొలాల నుంచి కొట్టుకొచ్చే మట్టి ఇక్కడే ఆగి గట్టుకి అతుక్కుంటుందట. ఉప్పెనలో సముద్రం అన్నిటి మీదుగా పోయింది. చెరువు నిండా ఉప్పు, చచ్చిన గొడ్లు. నీళ్లు వెనక్కి తగ్గాక చూస్తే చుట్టుపక్కల గట్లన్నీ పోయి, మొగలి ఉన్నంత మేరా గట్టు నిలబడే ఉంది. ఎండాకాలంలో చెరువు తోడి, పూడిక తీసి, పంట కాలవకి నీళ్లు వదిలాక నింపుకున్నారు. తొలి బిందె ముంచిన రోజున ఇంటికొక మొగలి పిలక తెచ్చి మలుపులో ఖాళీ ఉన్న చోటల్లా నాటారు. నాటినవాళ్ల పేర్లు లస్కరుకి గుర్తే. ఇది ఫలానా ఇంటిది, ఇది ఫలానావాళ్లది అని చూపిస్తూ వెళ్లాడు. ఒకచోట ఆగి, ఈ ఇంట్లో నాటడానికి పెద్దవాళ్లెవరూ మిగల్లేదు, మనవరాలు నాటింది అన్నాడు.

నేను చేతికి రుమాలు చుట్టుకుంటూ నిలబడ్డాను. నా మనసంతా మెమో మీద ఉంది.

"గట్టు మట్టిది కాదండి అమ్మాయిగారూ," అన్నాడు. "ఈ వేళ్లదండి. మట్టి ఊరికే వచ్చి కూర్చుందండి."

నీ వేళ్లు నా ఉద్యోగం పీకేట్టున్నాయి అని వచ్చేశాను. బస్సులో కూడా ఆ మాట బాగా అన్నాననే అనుకున్నాను.

మర్నాడు మా ఆఫీసు ఓవర్సీరుగారికి అర్జీ రాసిచ్చాను. గట్టు మీది పిచ్చి మొక్కల వల్ల ఫోను పనిచెయ్యడం లేదు, వెంటనే తీయించండి అని. ఆయన చెడ్డవాడు కాదు, తల ఎత్తకుండా పనిచేసేవాడు. ఫారం తీసి చూసి, తీగకి తగిలే కొమ్మలు కొట్టడం అనే పని ఇందులో ఎక్కడా లేదన్నాడు. జంగిల్ క్లియరెన్స్ అనే పని ఒక్కటే ఉందిట. ఆ మైలురాయి నుంచి ఈ మైలురాయి దాకా గట్టంతా, వేళ్లతో సహా.

"అదే రాయనా అమ్మా?" అన్నాడు.

"ఏదైతే ఏంటండీ. రాసెయ్యండి."

ఇదే నేను చేసిన పని. తర్వాత జరిగినవన్నీ నా చేతుల్లో లేవు. ఇది మాత్రం ఉంది.

పంట కాలవలకి నీళ్లు ఆపి కట్టేసే ఎండాకాలంలో ఆర్డరొచ్చింది. దాన్ని ఫోనులో లస్కరుకి చదివి వినిపించాల్సింది కూడా నేనే. వేళ్లతో సహా అన్న దగ్గర ఆయన మళ్లీ చదవమన్నాడు. చదివాను. చాలాసేపు గరగరే వినపడింది. తర్వాత, మలుపు దగ్గర రెండు గొలుసుల మేర వదిలెయ్యమని పెద్దవాళ్లని అడగమన్నాడు. గొలుసంటే వంద అడుగులు. మిగతా గట్టంతా గుండు కొట్టేసినా నేనేం అనను, ఆ రెండు గొలుసులూ చెరువు ముందున్నాయి అన్నాడు. సరే అన్నాను.

ఓవర్సీరుగారు టీ తాగుతుంటే చెప్పబోయాను. మధ్యలో వదిలేస్తే కొలతలో తేడా వస్తుంది, పైవాళ్లు ఎందుకు వదిలావంటారు, ఏమని రాయను అన్నాడు. అంతే, నేను మళ్లీ అడగలేదు. బందరుకి ఫోను చెయ్యొచ్చు. రోజుకి పదిసార్లు చేస్తూనే ఉన్నాను. ఒకసారి మెమో తిన్న గొంతుతో గట్టు మీద మొక్కల కోసం బతిమాలడం నామోషీ అనిపించింది. మర్నాడు లస్కరు అడిగితే, చెప్పానండీ, ఒప్పుకోలేదు అన్నాను.

మొగలి పొదలు కొట్టడం ఫోనులోనే విన్నాను. రెండు రోజులు ఆయన మాటల వెనక గొడ్డళ్లు, గునపాలు. మూడో రోజు పొద్దున ఫోనెత్తితే ఎవరిదో కొత్త గొంతు. మెత్తగా, కొంచెం బొంగురుగా, మాట మాటకీ మధ్య చిన్న దగ్గు. ఎవరు మాట్లాడేది అన్నాను.

"నేనేనండి," అన్నాడు లస్కరు.

ఏడాదిగా రోజూ మాట్లాడుతున్న మనిషి గొంతు ఆ రోజే మొదటిసారి విన్నాను. నిజం చెప్పాలంటే నాకు సంతోషం పట్టలేదు. ఆఫీసులో అందరికీ ఇచ్చి వినమన్నాను. అద్దంలా ఉందన్నారు. చివర్లో ఆయన మేకుతో నాలుగు గట్టివి, ఒక మెల్లది కొట్టాడు. ఇంక అక్కర్లేదు కదా అన్నాను. అలవాటైపోయిందండి అన్నాడు.

ఆ తర్వాత రోజూ అంకెలు చెప్పాక ఒక్క మాట అదనంగా చెప్పేవాడు. గట్టు ఎండకి నెర్రెలిచ్చిందనేవాడు. నీడ పోయేసరికి అంచు నీళ్లు వేడెక్కి చేప పిల్లలు తేలుతున్నాయనేవాడు. బుట్టలతో రొయ్యలు పట్టుకునే ఆడవాళ్లు మలుపు దగ్గరికి రావడం మానేశారట. ముళ్లు లేవు కాబట్టి గేదెలు గట్టు మీంచే కాలవలోకి దిగుతున్నాయి, వాటి గిట్టలకి దారులు పడ్డాయి. తొలకరి వానకి ఆ దారులే గాడులయ్యాయి. ఊరివాళ్లు మళ్లీ పిలకలు నాటారు. సగం మేకలు తిన్నాయి. మిగతావి ఊడలు దించాలంటే మూడేళ్లన్నా పడుతుంది. నేను సరే, సరే అని పెట్టేసేదాన్ని. ప్రతి మాటా స్పష్టంగా వినపడేది. అదే కష్టంగా ఉండేది. ఇదివరకైతే వినపడలేదని అరవొచ్చు.

వానలు ముదిరాక నాకూ భయం పట్టుకుంది. మలుపు దగ్గర ఇసుక బస్తాలు వేయిద్దామని ఓవర్సీరుగారితో అన్నాను. ఆయన పుస్తకం తిప్పి చూపించాడు. ఆ గట్టు ఈ ఏడే శుభ్రం చేసినట్టు రాసి ఉంది. శుభ్రం చేసిన గట్టుకి బస్తాలెందుకని అడుగుతారమ్మా అన్నాడు. నా అర్జీ కూడా ఆ కాగితాల్లోనే, నా సంతకంతో.

దసరాలు వెళ్లాక వచ్చిన అమావాస్య రోజు అది. రెండు రోజులుగా వాన. పొలాల నీళ్లన్నీ మురుగు కాలవలోకి దిగుతున్నాయి. కింద నుంచి అమావాస్య పోటు తోసుకొస్తోంది. నీళ్లు ముందుకి పోలేక మలుపులో లేస్తున్నాయి. పొద్దున పదకొండుకి లస్కరు ఫోను చేశాడు.

"గట్టు జారతందండి. ఇటుపక్క పెళ్లలు ఊడతన్నాయి. రెండింటికి పాటు మొదలవుద్ది, అందాకా నిలబడితే చాలండి. బస్తాలు పంపించండి."

అంటే మూడు గంటలు. ఆ మూడు గంటలు గట్టు నిలబడితే చెరువు బతుకుతుంది. ఓవర్సీరుగారు వేరే గండి దగ్గరికి వెళ్లారు, ఆఫీసులో నేనూ, నా ఫోనే. బందరుకి చేశాను. బస్తాలు గుడివాడ గోడౌనులో ఉన్నాయి, అక్కడ అడగమన్నారు. గుడివాడకి ట్రంకు కాలు బుక్ చేసి, లైను కలిసేదాకా హ్యాండిలు తిప్పుతూనే ఉన్నాను. పన్నెండింబావుకి కలిసింది. బస్తాలున్నాయి, లారీ లేదు. లారీ పామర్రు దగ్గర నీళ్లలో ఆగిపోయిందట. ఇంకో లారీ కావాలంటే బందరు నుంచి కాగితం రావాలి. మళ్లీ బందరు. కాగితం మీద సంతకం పెట్టాల్సినాయన ఇంకో గట్టు మీదున్నాడు. అరిచాను, తిట్టాను, ఆఖరికి ఏడ్చాను. అవతలివాళ్లు పాపం నన్ను తిట్టను కూడా లేదు. మేమేం చెయ్యగలం అమ్మా అన్నారు. వాళ్లేం చెయ్యగలరు. ఆ లారీ ఆ క్షణాన బయల్దేరినా సాయంత్రానికి గానీ చేరదు. అది నాకూ తెలుసు.

మధ్యమధ్యలో లస్కరు. రిసీవరు తీగ పొడుగ్గా ఉంటుంది, పాక గుమ్మంలో నిలబడితే మలుపు కనిపిస్తుంది. అక్కడ జరిగేదంతా నాకు చెప్తున్నాడు. గడ్డిమోపులు తెచ్చి వేశారు. తలుపు రెక్కలు ఊడదీసి అడ్డంపెట్టి తాటి మొద్దులు ఆనించారు. ఆడవాళ్లు పాత చీరల్లో మట్టి మూటలు కట్టి అందిస్తున్నారు. మొన్న ఎండాకాలంలో నరికిన మొగలి మోళ్లు ఒక పక్కన పడి ఉంటే వాటినీ మోసుకొచ్చి వేశారట. వేళ్లు లేని మొద్దులు కదా, నీళ్లు ఎత్తుకుపోయాయి.

ఇంకా ఏం చెయ్యమంటారండి అని ఆయన నన్నడిగాడు. ముప్పై ఏళ్లుగా గట్టు కాస్తున్న మనిషి నన్నడిగాడు. నా దగ్గర ఫోను తప్ప ఏమీ లేదు. వస్తున్నాయి, బస్తాలు వస్తున్నాయి అన్నాను.

ఒంటిగంట దాటాక ఆయన మాటల వెనక వినపడుతున్న జనం గోల ఒక్కసారిగా ఆగిపోయింది. అరుపులు లేవు. లైను అంత తేటగా ఉంది కాబట్టి ఆ నిశ్శబ్దం కూడా వినపడింది. తర్వాత నీళ్ల చప్పుడు. బిందె మూతి నుంచి బోర్లించినట్టు మొదలై, పెద్దదై, ఆగకుండా.

"వెళ్లిపోయిందండి," అన్నాడు.

ఎవరూ ఫోను పెట్టలేదు. కాసేపటికి మేకు చప్పుడు. గట్టివి ఏడు. మెల్లవి లెక్కపెట్టలేదు. అలవాటు కొద్దీ పుస్తకంలో ఏడు అని రాశాను. ఆ పేజీలో ఆ అంకె ఒక్కటే వంకరగా ఉంటుంది.

నాలుగు రోజులకి దారి తెరుచుకున్నాక వెళ్లాను. ఇళ్లు కొట్టుకుపోలేదు, ప్రాణాలు పోలేదు. బందరు పేపర్లో రెండు వాక్యాలైనా పడలేదు. చెరువు నిండుగానే ఉంది, మునుపటికన్నా నిండుగా. రేవులో తాటి దుంగ తేలుతోంది. దాని మీద ఎవరూ లేరు. గట్టుకి పడిన గండిలోంచి పోటుకి ఉప్పునీళ్లు వస్తున్నాయి, పాటుకి సగం పోతున్నాయి, సగం చెరువులో ఉండిపోతున్నాయి.

అప్పుడు నన్ను చిటికెడు లేదన్న పెద్దావిడ గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, పీట వేసింది. లోపలికి వెళ్లబోయి ఆగింది.

"మంచినీళ్లడక్కమ్మా," అంది.

అంతే అంది. తిట్టుంటే ఏదో ఒకటి అనేదాన్ని, తిట్లకి తిట్లు నాకు వచ్చు. నీళ్ల గుండిగ తడిబట్ట కప్పి మూలన ఉంది. ఏడు మైళ్ల అవతలి నుంచి బండి మీద తెచ్చుకుంటున్నారు, ఇంటికి ఒక్క గుండిగ.

లస్కరు మలుపు దగ్గర ఉన్నాడు. మిగిలిన గట్టు చివర కూర్చుని, మేకలు తినగా మిగిలిన పిలకలు నాలుగు ముందర వేసుకుని తాటి నారతో కడుతున్నాడు. పక్కన కూర్చున్నాను. రెండు గొలుసుల సంగతి బందరుని అడగనేలేదని చెప్పాను. అబద్ధమాడానని చెప్పాను.

"తెలుసండి," అన్నాడు, నార లాగుతూ. "అడిగుంటే మీరు కోపంగా చెప్పేవోరు. ఆ రోజు మెల్లగా చెప్పారు."

గండి పూడ్చడానికి మనుషులు సంక్రాంతి అయ్యాక వచ్చారు. మట్టి పోసి, తొక్కి, గీత గీసినట్టు నున్నగా చేసి వెళ్లిపోయారు. చెరువు తోడటానికి ఇంజన్లు కావాలని నేను రాశాను, ఫోన్లు చేశాను. ఇంజన్లు వచ్చేలోపు కాలవలు కట్టేశారు. కాలవలు కట్టేశాక తోడినా నింపడానికి నీళ్లు లేవు. ఆ ఎండాకాలమంతా ఆ ఊరు బండి నీళ్లే తాగింది. ఊరివాళ్లు మళ్లీ ఇంటికో పిలక నాటారు. మేకలు రాకుండా తుమ్మ కంప వేశారు. ఎండాకాలం మధ్యలో, ఈసారి అన్ని గట్ల మీదా జంగిల్ క్లియరెన్స్ అని కాగితం వచ్చింది. దాన్ని ఏడు తూములకీ చదవాలి. ఆరింటికి చదివాను. ఏడోదానికి చదవలేదు. చదివినట్టు పుస్తకంలో రాశాను. అది ఎంతకాలం ఆగుతుందో నాకు తెలియదు. ఎవరో ఒకరు వచ్చి చూస్తారు, ఎందుకు చెయ్యలేదంటారు.

అది తేలకముందే నన్ను బందరు పెద్దాఫీసుకి మార్చారు. లస్కరు అదే ఏడు రిటైరయ్యాడు. బందరు నుంచి ఏడో తూముకి ఫోను చెయ్యాల్సిన పని నాకు లేదు. అయినా ఆ లైను కలపమనేదాన్ని. అక్కడికి వచ్చిన కొత్త లస్కరు కుర్రాడేం కాదు, పెళ్లాం బిడ్డలున్నవాడే, మాట మర్యాద తెలిసినవాడు. మలుపులో మొగలి ఎలా ఉందని అడిగితే, ఏ మలుపండి అన్నాడు. చెరువు నీళ్లు తాగుతున్నారా అంటే, ఇంకా ఉప్పు పోలేదండి, గేదెలు కూడా మూతి పెట్టట్లేదు అన్నాడు. తీగకి ఏమన్నా తగులుతోందా అని అడిగాను. మాట్లాడటం ఆపి ఒక్క నిమిషం ఉండమన్నాను. రిసీవరు చెవికి గట్టిగా నొక్కుకుని, ఆ గరగర ఏమన్నా మొదలైందేమో అని విన్నాను. మూడేళ్లు పడుతుందని తెలుసు. అయినా విన్నాను.

"లైను బెమ్మాండంగా ఉందండి," అన్నాడు. "ఒక్క చప్పుడు కూడా లేదండి."